సముద్రం లేని సీమ, ఓడెక్కే బట్ట

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వాన. అదీ అదనుకు పడదు. ఇలాంటి కరువు నేల మీద, రేవుకు ఇంత దూరాన, విదేశాలకు బట్టలు పంపే పరిశ్రమ ఎలా నిలుస్తుందని హిందూపురం వైపు కుట్టు ఫ్యాక్టరీ ఏది వచ్చినా కొందరు అడుగుతారు. బెంగళూరు దగ్గర కాబట్టి, కూలి చవక కాబట్టి ఇది నిన్నగాక మొన్న పుట్టిందని మరికొందరు తేల్చేస్తారు. రెండు మాటలూ చరిత్రకు నిలవవు. ఈ సీమ సరుకు ఓడెక్కడం కొత్త కాదు, దూరం దానికి పెద్ద అడ్డంకీ కాలేదు. ఓడ ఎవరిది, కొనేదెవరు, ధర కట్టేదెవరు అన్నవి ఏనాడూ ఇక్కడివాళ్ల చేతిలో లేకపోవడమే అసలు ఇబ్బంది.

బట్ట తేలిక, విలువ ఎక్కువ. ధాన్యానికైతే బండి కిరాయే లాభాన్ని మింగేస్తుంది గానీ బట్టకు ఆ బెడద తక్కువ. 1605 ప్రాంతంలో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో దిగింది ఈ సరుకు కోసమే. తూర్పు దీవుల్లో లవంగాలకూ జాజికాయలకూ బదులుగా అక్కడివాళ్లు అడిగింది కోరమాండల్ బట్టనే. ఆ కోస్తా మగ్గాలకు పత్తి చాలావరకు లోపలి నల్లరేగడి నేలల నుంచి లంబాడీల ఎద్దుల మీద దిగేది, తిరుగుదారిలో అవే ఎద్దులు ఉప్పు మోసుకొచ్చేవి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి ధారాదత్తం చేశాడు, దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టాడు. దత్తమండలాల నేతను కంపెనీ తన కమర్షియల్ రెసిడెంటు ద్వారా కొని మద్రాసుకు చేర్చేది. సరుకు రకాన్ని పుంజాల్లో లెక్కకట్టేవారు. పుంజానికి 120 పడుగు పోగులు, అంటే 14 పుంజాల బట్టలో పన్నా అడ్డంగా 1,680 పోగులు ఉండాలి. నమూనాకు తగ్గిందనిపిస్తే రకం దించి, రేటు కోసేవారు. మద్రాసుకు అప్పటికింకా కట్టిన రేవు లేదు. మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవల్లో బేళ్లు వేసి, విరిగిపడే అలలు దాటించి, దూరాన లంగరేసిన ఓడకు అందించేవారు. ఎద్దు వీపు మీద మొదలై ఆ పడవ దాకా సాగిన ఇంత కష్టమైన దారిలోనూ వ్యాపారం గిట్టుబాటైంది.

నేసినవాడికి మాత్రం గిట్టలేదు. దత్తమండలాలకు రాకముందు మన్రో బారామహల్‌లో, అంటే నేటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతంలో పనిచేశాడు. అక్కడ కంపెనీ ఉద్యోగులు నేతపెద్దలను పోగుచేసి, కంపెనీకి తప్ప ఇంకెవరికీ నేయమని ఒప్పుకునేదాకా కాపలా పెట్టేవారని 1813లో పార్లమెంటు ముందు ఆయనే సాక్ష్యమిచ్చాడు. ఒకసారి అడ్వాన్సు తీసుకున్న నేతగాడు ఆ బాకీ నుంచి బయటపడటం అరుదని కూడా చెప్పాడు. బట్ట ఆలస్యమైతే ఇంటి మీదికి బంట్రోతు వచ్చేవాడు, ఆ బంట్రోతు ఖర్చూ నేతగాడిదే. మగ్గం ఇతనిది, పనితనం ఇతనిది. ఎవరికి అమ్మాలో, ఎంతకు అమ్మాలో చెప్పే హక్కు మాత్రం ఇతనిది కాదు.

దూరమే అడ్డమైతే రైలు రాగానే అది తొలగిపోవాలి. 1871లో మద్రాసు-రాయచూరు మార్గం పూర్తై తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు రేవుకు చేరువయ్యాయి. బట్ట మాత్రం బయటికి పోలేదు. లోపలి నుంచి దూది బేళ్లు వెళ్లాయి, రేవు నుంచి మాంచెస్టరు బట్ట వచ్చింది. అంతకుముందే, 1861-65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతుంటే బళ్లారి జిల్లా పత్తికి ధర ఎగసి, యుద్ధం ఆగాక పడిపోయింది. అప్పటికి అనంతపురం బళ్లారిలో భాగమే, 1882లో గానీ విడిపోలేదు. 1876-78 కరువులో తిండి గింజలకే డబ్బు లేని జనం బట్ట కొనడం మానేస్తే మగ్గాలు ఆగాయి. రేవు దగ్గరైన కొద్దీ ఈ సీమ బట్ట పంపే చోటు పోయి పత్తి పంపే చోటైంది. దూరం మీద నెపం వేసేవాళ్లు ఈ ఒక్క సంగతికి జవాబు చెప్పాలి.

యంత్రాల ముందు చేతిమగ్గం ఎలాగూ నిలిచేది కాదు కదా అనవచ్చు. ముతక బట్ట విషయంలో అది చాలావరకు నిజం, ఒప్పుకోవాలి. అయితే పోటీ సమానంగా సాగలేదు. ఇంగ్లండు 1721లోనే భారతీయ రంగు కాలికోల వాడకాన్ని నిషేధించింది. 1813 నాటికీ మన బట్టల మీద 70, 80 శాతం సుంకాలు ఉండేవని, అవి లేకపోతే మాంచెస్టరు మిల్లులు ఆదిలోనే ఆగిపోయేవని రాసిన హెచ్.హెచ్. విల్సన్ ఇంగ్లీషు చరిత్రకారుడే. పైగా, కొనేవాళ్లతో నేరుగా సంబంధం మిగిలిన చోట మగ్గం బతికింది. ధర్మవరం పట్టుకు దక్షిణాది పెళ్లిళ్లు గిరాకీ ఇచ్చాయి. ఓడ ఎగుమతిలోనే సాక్ష్యం కావాలంటే చీరాల ఉంది. అక్కడి తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకూ, గళ్ల రుమాళ్లు పశ్చిమాఫ్రికాకూ 20వ శతాబ్దంలోనూ వెళ్లాయి. నైజీరియాలోని కలబారి స్త్రీలు ఆ గళ్ల బట్టలో ఎంచిన పోగులను కోసి తీసి కొత్త నమూనాలు తేల్చేవారు. వాళ్లకు కావలసింది ఆ నేతే, మరబట్ట దాని చోటు తీసుకోలేకపోయింది.

1956లో అమెరికాలో మాల్కం మెక్లీన్ 58 పెట్టెలతో నడిపిన తొలి కంటైనర్ ఓడ దూరం లెక్కనే మార్చేసింది. 2000లో రెడీమేడ్ దుస్తులను చిన్న పరిశ్రమల రిజర్వేషను నుంచి తప్పించడం, 2005లో ప్రపంచ కోటాలు ఎత్తేయడంతో పెద్ద ఫ్యాక్టరీలకు దారి తెరుచుకుంది. హిందూపురం చుట్టుపక్కల కుట్టు లైన్లు ఆ దారిన వచ్చినవే. రాయదుర్గం జీన్సు బళ్లారిని అంటుకుని ఎక్కువగా దేశీయ మార్కెట్టుకు పోతుంది, దాని కథ వేరు. ఎగుమతి లైనులో సూది విరిగితే ముక్కలన్నీ ఏరి కాగితానికి అతికించి అప్పగిస్తే గానీ కొత్త సూది ఇవ్వరు. ఒక్క ముక్క దొరకకపోయినా దగ్గరున్న బట్టలన్నీ వెతకాలి, ఆ తర్వాత మెటల్ డిటెక్టర్ దాటించాలి. సముద్రం మీద కంటైనర్ లోపల చెమ్మ పట్టి బూజు రాకుండా కార్టన్లలో సిలికా జెల్ పొట్లాలు వేస్తారు. 40 అడుగుల పెట్టెలో పది వేలకు పైచిలుకు చొక్కాలు పడతాయి కాబట్టి మామూలు రోజుల్లో చొక్కాకు పడే ఓడ కిరాయి పదుల రూపాయల్లోనే ఉంటుంది.

వేరుశనగ ఎండిపోయిన ఊళ్లలో ఆడవాళ్లకు నెలనెలా జీతం వస్తుంటే ఇంకేం కావాలని అడుగుతారు. ఆ జీతం విలువ తక్కువది కాదు, వలస పోవలసిన కుటుంబాన్ని అది ఊళ్లో నిలుపుతుంది. కానీ ఆ జీతం దేని మీద నిలిచిందో చూడాలి. ఎఫ్‌ఓబీ ఒప్పందంలో, అంటే సరుకు ఓడెక్కేదాకానే అమ్మేవాడి బాధ్యత ఉండే పద్ధతిలో, సాధారణంగా రవాణా ఏజెంటైన ఫార్వర్డరును కుదిర్చేది, ఓడను ఎంచేది బయ్యరే. సరుకు ఓడ కటాఫ్ దాటితే ఫ్యాక్టరీ తన ఖర్చుతో విమానంలో పంపాలి, లేదా ధర తగ్గించుకోవాలి. ఆ ఒత్తిడి లైనులో టార్గెట్టుగా దిగుతుంది. 2023 చివర్లో ఎర్రసముద్రంలో దాడులు మొదలై ఓడలు ఆఫ్రికా చుట్టి పోవలసివస్తే ప్రయాణం దాదాపు పది రోజులు పెరిగింది. 2025 ఆగస్టులో అమెరికా భారత్ సరుకు మీద సుంకాన్ని మొదట 25 శాతం చేసి, 27వ తేదీకల్లా 50 శాతానికి పెంచింది. ఈ నిర్ణయాల్లో కుట్టేవాళ్ల మాట ఎక్కడా లేదు. అందుకే ఎకరాలు, రోడ్లు, కరెంటు రాయితీలు ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. సొంత డిజైను, సొంత నూలు కొనుగోలు, ఒకే దేశాన్ని నమ్ముకోని ఆర్డర్లు ఉన్న యూనిట్లకు రాయితీలో ముందు వరుస ఇవ్వాలి. ధర్మవరం నేతగాళ్ల చిన్న మూటలను రాయదుర్గం, హిందూపురం సరుకుతో కలిపి ఒకే కంటైనర్లో, పంపేవాడి పేరు మీదే బుక్ చేసే ఉమ్మడి గోదాము హిందూపురం రైల్వే దగ్గర కట్టాలి.