రంగు ఆరేదాకా: పాత కార్ల బాడీ, పెయింటు చరిత్ర

తొలి మోటారు కార్ల బాడీలు చాలావరకు గుర్రపు బగ్గీలు చేసే కార్ఖానాల్లోనే తయారయ్యాయి. యాష్ కలపతో చట్రం కట్టి, దానిమీద అల్యూమినియం లేదా ఉక్కు రేకు బిగించేవారు. రంగు వేసే తీరూ బగ్గీలదే. నూనె రంగును కుంచెతో పూసి, ఆరాక తడిపిన రాపిడి పొడితో రుద్ది, మళ్లీ పూసి, చివర్లో వార్నిష్ వేసేవారు. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది. అందుకే ఒక్కో పూతకు రోజులు, కారు మొత్తానికి వారాలు పట్టేది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆ కాలపుదే. దాని బాడీ కట్టిన లండన్ బార్కర్ సంస్థ కూడా అంతకుముందు గుర్రపు బళ్లు చేసినదే.

కార్లు వేలల్లో తయారయ్యేసరికి రంగు ఆరే సమయమే పెద్ద అడ్డంకి అయింది. ఫోర్డ్ మోడల్-టి 1914 నుంచి 1925 దాకా నలుపులోనే దొరికింది. 1914లోనే ఎడ్వర్డ్ బడ్ కంపెనీ డాడ్జ్ కార్లకు పూర్తి ఉక్కు బాడీలు చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. చెక్క చట్రాన్ని బట్టీలో పెడితే పగుళ్లిస్తుంది, ఉక్కుకు ఆ భయం లేదు. రంగును వేడితో ఆరబెట్టే దారి అలా తెరుచుకుంది.

అసలు మలుపు మాత్రం పేలుడు పదార్థాల వైపు నుంచి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకి మందు చేసిన డ్యూపాంట్, ఆ మందుకు మూలమైన నైట్రోసెల్యులోజ్‌నే పలుచన చేసి డ్యూకో లాకర్‌గా మార్చింది. జనరల్ మోటార్స్ దీన్ని 1924 మోడల్ ఓక్లండ్ కార్లకు నీలి రంగుగా వేసింది. థిన్నర్ ఆవిరైతే చాలు, లాకర్ గట్టిపడుతుంది. వారాల పని గంటల్లోకి వచ్చింది. అంత త్వరగా ఆరేదాన్ని కుంచెతో పూయడం కష్టం కనుక స్ప్రేగన్ తప్పనిసరైంది. ఆరిన లాకర్ థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. అందువల్ల చిన్న గీత పడితే అక్కడే కొత్త పూత కొట్టి, పాతదాంట్లో కలిపేయవచ్చు. మరమ్మతు చేసేవారికి ఇంతకంటే అనుకూలమైన రంగు మరొకటి రాలేదనాలి. లోపమూ ఉంది: పాలిష్ చేయనిదే మెరవదు, మందంగా వేస్తే ఏళ్లు గడిచాక పగులుతుంది. 1930లలో వచ్చిన ఆల్కిడ్ ఎనామెల్‌కు పాలిష్ అక్కర్లేదు, కానీ అతుకు కనిపించకుండా కలపడం కష్టం.

రంగు కింద రేకు పని వేరే విద్య. సొట్టకు లోపలి నుంచి డాలీ అనే ఇనుప దిమ్మె ఆనించి పైనుంచి సుత్తితో తడతారు. దెబ్బకు సాగిన రేకును ఎర్రగా కాల్చి చల్లార్చి కుదించాలి. అప్పటికీ మిగిలిన పల్లాన్ని సీసంతో నింపేవారు. 70 పాళ్ల సీసానికి 30 పాళ్ల తగరం కలిపితే సుమారు 183 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ మధ్య అది పూర్తిగా కరగక, గట్టిగానూ ఉండక ముద్దలా సాగుతుంది. ఆ కాస్త వ్యవధిలో కొవ్వు రాసిన చెక్క తెడ్డుతో దాన్ని పరిచి, చల్లారాక ఆకురాయితో సాపు చేసేవారు. మిషన్‌తో రుద్దితే సీసపు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫ్యాక్టరీలే రేకుల అతుకులను సీసంతో మూసేవి కనుక, పాత కారులో సీసం కనబడినంత మాత్రాన ప్రమాదానికి గురైందని అనుకోకూడదు.

1950లలో పాలియెస్టర్ ఫిల్లర్ వచ్చింది. హార్డెనర్ కలిపితే నిమిషాల్లో బిగుసుకునే ఈ పదార్థం మన టింకరింగ్ షెడ్లలో లప్పం. పలుచగా పూస్తే మంచిదే. తుప్పు తీయకుండా అంగుళం మందాన దట్టిస్తే మాత్రం తడి పీల్చుకుని కొన్నాళ్లకు ఉబ్బి ఊడుతుంది. కొనేవారు అయస్కాంతం ఆనించి చూసేది ఇందుకే: లప్పం మందంగా ఉన్నచోట అది అంటుకోదు.

1980ల నాటికి రంగు పూత, దానిమీద పారదర్శకమైన క్లియర్‌కోట్ అనే జోడీ వ్యాపించింది. రెండు భాగాలు కలిపే యురేథేన్ పెయింటు చాలాకాలం మన్నుతుంది. అందులోని ఐసోసైనేట్ మాత్రం ఉబ్బసం తెప్పిస్తుంది, మామూలు గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. ఈ పెయింటుతో పాతకార్లు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు కూడా లేనంత మెరుపు సంతరించుకున్నాయి. కాలిఫోర్నియాలో 1950లో మొదలైన పెబుల్ బీచ్ కార్ల ప్రదర్శన పోటీ లాంటివి ఈ మెరుపునే చాలాకాలం మెచ్చుకున్నాయి. అక్కడే 2001లో, పునరుద్ధరించని పాత కార్లకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టురిన్ ప్రకటన మరో అడుగు ముందుకేసి, వాహనం మీద కాలం వదిలిన గుర్తులను వీలైనంత కాపాడమంది.

ఈ ఆలోచన వల్ల పని మొదలయ్యే తీరే మారింది. తలుపు కీళ్ల వెనకో, డాష్‌బోర్డు కిందో ఓ మూల సన్నని వాటర్ పేపర్‌తో రుద్దితే పూతలు ఒకదానికింద ఒకటి వలయాలుగా బయటపడతాయి. రంగుల్లో అట్టడుగున ఉన్నదే సాధారణంగా ఫ్యాక్టరీ రంగు. దాన్ని అదే పదార్థంతో మళ్లీ వేయడం మాత్రం నేడు సులువు కాదు. లాకర్ ఆవిర్లు గాలిని పాడుచేస్తాయని చాలా దేశాలు దాని వాడకాన్ని కట్టడి చేశాయి. యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన నిబంధన ప్రకారం మాత్రం, చారిత్రక విలువ ఉన్నట్టు గుర్తించిన వాహనాల పునరుద్ధరణకు అలాంటి పెయింటును కొద్ది మొత్తంలో కొనేందుకు సభ్యదేశాలు ప్రత్యేక లైసెన్సు ఇవ్వవచ్చు.