చేవ లేని కర్రకు అరువు చేవ

టేకు దూలం తరాలపాటు నిలుస్తుంది. పైన్ కర్రను పచ్చిగా నేలలో పాతితే కొన్నేళ్లకే పుచ్చిపోతుంది. తేడా అంతా చేవలో ఉంది. పైన్ కాండంలో చేవ తక్కువ, దాని చుట్టూ నీటిని మోసే లేత చెక్క ఎక్కువ. అయినా నిటారుగా, పొడవుగా పెరిగే చెట్టు కాబట్టి 19వ శతాబ్దంలో చాలాచోట్ల తంతి తీగలకు ఆ కర్ర ఆధారమైంది. పుచ్చు ఎక్కువగా నేలమట్టం దగ్గరే మొదలవుతుంది, శిలీంధ్రానికి కావలసిన తేమా గాలీ అక్కడ కలిసి దొరుకుతాయి కాబట్టి. దీనికి విరుగుడు ఘాటైన విషమే అనిపిస్తుంది. కానీ స్తంభాల చరిత్ర చెప్పేది వేరు: విషం ఎంత ఘాటైనదన్నది కాదు, కర్రలో ఎంతకాలం నిలుస్తుందన్నదే అసలు లెక్క.

ఫ్రాన్స్‌లో బూషెరీ పద్ధతి దీనికి మొదటి సాక్ష్యం. అప్పుడే నరికిన కాండంలోకి మొదలు వైపు నుంచి మైలుతుత్తం నీళ్లు పంపి, చెట్టు రసాన్ని రెండో కొస నుంచి బయటికి నెట్టేవారు. మైలుతుత్తం శిలీంధ్రాన్ని చంపుతుంది, కానీ వానకు కరిగి మెల్లగా కొట్టుకుపోతుంది. మూసిన సిలిండర్‌లో గాలి లాగేసి, క్రియోసోట్ నూనెను ఒత్తిడితో ఎక్కించే పద్ధతికి ఇంగ్లండ్‌లో జాన్ బెథెల్ 1838లోనే పేటెంట్ పొందాడు. మరి సమస్య అప్పుడే తీరలేదా అంటే, చాలావరకు తీరింది. అయితే ఆ నూనె నెగ్గింది నీటికి లొంగదు కాబట్టే. కానీ అది ఒంటికీ బట్టకూ అంటుకుంటుంది, వాసన వదలదు. కావలసిందల్లా నీటితో లోపలికి వెళ్లి, వెళ్లాక నీటికి కరగని మందు. దాన్ని 1933లో కనిపెట్టినవారు డెహ్రాడూన్ అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం. ఆయన మిశ్రమంలో రాగి శిలీంధ్రాలను ఆపుతుంది. ఆర్సెనిక్ చెదలనూ, రాగిని తట్టుకునే శిలీంధ్రాలనూ అడ్డుకుంటుంది. క్రోమియం కర్రలో మార్పు చెంది ఆ రెండింటినీ అక్కడే బిగిస్తుంది. దాని వ్యాపారనామం ‘ఆస్క్యూ’ ఆర్సెనిక్, రాగి గుర్తులతో ఏర్పడింది. ఆ పేరులో లేని క్రోమియమే ఆ మిశ్రమానికి ప్రాణం. 1938లో దానికి అమెరికా పేటెంట్ కూడా దక్కింది.

ఆర్సెనిక్‌ను ఊళ్లోకి తెచ్చిన ఆవిష్కరణను మెచ్చుకోవచ్చా అన్నది గట్టి అభ్యంతరం, న్యాయమైనది కూడా. బిగింపు పూర్తిగా జరగదు, కొంత ఆర్సెనిక్ మట్టిలోకి దిగుతుంది. ఆ కర్రను కాలిస్తే పొగలోనూ బూడిదలోనూ విషం ఉంటుంది. అందుకే అమెరికాలో 2003 చివరికల్లా ఇళ్ల కలపకు దాని వాడకం దాదాపు ఆగిపోయింది, కరెంటు స్తంభాలకు మాత్రం కొనసాగింది. ఈ నిర్ణయం కామేశం ఆలోచనను కొట్టివేయలేదు. కర్రలోంచి ఏది బయటికి వస్తోందని ఆయన అడిగిన ప్రశ్ననే, ఈసారి స్తంభం మన్నిక కోసం కాక దాని పక్కన బతికే మనుషుల కోసం అడిగింది.