కొండ పేర్ల చివర ‘లా’

నాథు లా, చాంగ్ లా, థోరోంగ్ లా... హిమాలయాల పటంలో పదేపదే కనిపించే ఈ ‘లా’ టిబెటన్ మాట. మనం కనుమ అనేదే అది. అందుకే ‘నాథు లా పాస్’ అంటే కనుమను రెండుసార్లు చెప్పినట్టే. లదాఖ్ అన్న పేరుకూ ‘కనుమల నేల’ అనే అర్థం చెబుతారు.

లా ఎక్కిన స్థానికులు రంగురంగుల ప్రార్థన జెండాలు కట్టి, ‘కీ కీ సో సో, ల్హా గ్యాలో’ అని కేక వేస్తారు. దేవతలకు జయం అని దాని భావం.

నేపాల్‌లో అన్నపూర్ణ చుట్టూ నడిచేవారు దాటే థోరోంగ్ లా ఎత్తు 5,416 మీటర్లు. పొద్దెక్కేకొద్దీ గాలి ముదురుతుంది కాబట్టి తెల్లవారకముందే బయలుదేరతారు. అంత ఎత్తులో తలనొప్పి, వాంతులు మొదలైతే మొండికేయకండి, వెంటనే కిందికి దిగండి.