తటస్థనౌకకు రక్షణ

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములవారు నిత్యము ఎరిగిన పెద్దనీరు, మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరము. సముద్రము వారికి బహుదూరము. అయినను, ఆ సీమను నాడు ఏలుచుండిన నిజాము ప్రభువు ఇచ్చిన ధనసాయమునకు గుర్తుగా, రెండవ ప్రపంచయుద్ధమున ఆస్ట్రేలియా నౌకాదళపు డిస్ట్రాయరు ఒకటి 'నిజాం' అను పేరు దాల్చి, హిందూమహాసముద్రమున ఓడలకు కావలి కాచెను. ఏ పక్షమునను చేరని వర్తకనౌకకు సయితము అభయము లేకపోయిన కాలమది. ఆ స్థితి ఎట్లు వచ్చెనో మనము విచారింతము.

1914 సెప్టెంబరులో జర్మను యుద్ధనౌక ఎండెన్ బంగాళాఖాతమున ఇంగ్లీషు వర్తకనౌకలను పట్టి ముంచుచుండెను. ఇటలీదేశపు లొరెడానో ఎదురుపడగా, ఇటలీ అప్పటికి తటస్థదేశమగుటచే, దానిని విడిచిపెట్టెను. ఆ నౌకయే ఎండెన్ జాడను ఇంగ్లీషువారికి తెలిపినది! న్యాయమును పాటించుటకు ఎండెన్ చెల్లించిన మూల్యము తన రహస్యము.

జలాంతర్గామికి రహస్యమే కవచము. పైకి తేలినచో చిన్న ఫిరంగియు దానిని భేదించును. పరుల నెక్కించుకొనుటకు లోపల చోటు లేదు. అయినను 1936లో లండనులో ఒక నిబంధన స్థిరపడెను. ఆగుమన్న ఆగిన వర్తకనౌకను ముంచుటకు ముందు, అందలి జనులను క్షేమస్థానమునకు చేర్చవలెను. తీరమో, వేరొక ఓడయో చేరువలో లేనప్పుడు చిన్నపడవలు క్షేమస్థానము కానేరవు. జర్మనీయు దీనికి సమ్మతించెను.

1941 మే 21న, అమెరికా ఇంకను తటస్థముగా ఉండగా, న్యూయార్కునుండి ఆఫ్రికాకు పోవుచున్న రాబిన్ మూర్ అను స్టీమరును యు-69 అను జర్మను జలాంతర్గామి నడి అట్లాంటికులో ముంచెను. ఓడలోని 46 మందిలో స్త్రీలును, ఒక పసిబిడ్డయు ఉండిరి. వారందరు నాలుగు పడవలలో దిగి, దినములతరబడి ఎండవానల కోర్చి, తుదకు బ్రతికి బయటపడిరి. జూన్ నెలలో ఒక పడవవారిని బ్రెజిలు నౌక కాపాడి తీరము చేర్చువరకు లోకమునకు వార్తయే తెలియదు.

అధ్యక్షుడు రూజ్వెల్టు జూన్ 20న కాంగ్రెసుకు సందేశము పంపి ఈ చర్యను తీవ్రముగా ఖండించెను. నవంబరులో వర్తకనౌకలకు ఫిరంగులమర్చుటకు చట్టము అనుమతించెను. డిసెంబరు 7న, పెర్ల్ హార్బరుపై దాడి జరిగిన దినముననే, జపాను ఓడలను హెచ్చరిక లేకయే ముంచుడని అమెరికా తన జలాంతర్గాములను ఆజ్ఞాపించెను.

ఖండించిన దేశమే ఆరునెలలైనను నిండకముందే ఆ నిబంధనను విడిచినది. విడిచిన ప్రభుత్వములు ఏవైనను, ఫలమనుభవించినవారు మాత్రము నడిసముద్రమున చిన్నపడవలలోని సామాన్యజనులే.