జంట మీటల కథ

రేడియో గల ఇండ్లలో బ్యాండు మార్చు మర ఎల్లరకును పరిచితమైనదే. అంకెల పలకపై కదలు ముల్లు ఒకటే. దానిని త్రిప్పు చేయియు ఒకటే. అయినను ముల్లు నిలిచిన చోటనే మీడియం వేవులో ఒక కేంద్రము పలుకును. షార్టు వేవునకు మార్చినంతనే వేరొక దేశపు గొంతు వినవచ్చును. ముల్లునకు కొత్త చోటు కల్పింపలేదు. ఆ చోటునకు గల అర్థమును మాత్రము మార్చితిమి. నేడు అనేకుల బల్లలపై నుండు ల్యాప్‌టాప్ కంప్యూటరులో ఈ ఉపాయమే మీటలకు అన్వయింపబడినది. ఒక మీటను పట్టియుంచి మరియొక దానిని నొక్కినచో తెరపైని బొమ్మ గోడమీది పెద్ద తెరకు పోవును. ఇంకొక జంటను నొక్కినచో వెలుగు తగ్గును. వేరొక జంట యంత్రమును నిద్రపుచ్చును. ఈ జంటలు ఎవరో ఒకరు ఒకనాడు కూర్చుండి ఏర్పరచినవి కావు. వీని వెనుక సుమారు 150 ఏండ్ల చరిత్ర కలదు. దానిని పరికించినచో మనకు రెండు సంగతులు తెలియును. జంట మీట పుట్టినది లేమి వలన. అది లోకమునకు పనికివచ్చినది మాత్రము ఒడంబడిక వలన.

అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్ అను ఆయన తన సహచరులతో కలిసి 1868లో టైపు యంత్రమునకు పేటెంటు పొందెను. రెమింగ్టన్ సంస్థ 1874లో దానిని విపణికి తెచ్చినది. ఆ తొలి యంత్రము ఇంగ్లీషు పెద్ద అక్షరములను మాత్రమే అచ్చు వేసెడిది. చిన్న అక్షరములు కూడ వలయునన్నచో మరి 26 మీటలు కావలెను. పలక పెరుగును, చేతికి దూరము పెరుగును. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండవ యంత్రము ఈ చిక్కును విడదీసినది. ఒక్కొక్క అచ్చు చువ్వకు రెండేసి అక్షరములను పొదిగి, షిఫ్టు అను మీటను నొక్కినపుడు కాగితము చుట్టిన భాగము కొంచెము జరుగునట్లు చేసిరి. అది జరిగినచో రెండవ అక్షరము పడును. షిఫ్టు అనగా జరుపుట. ఆ పేరు వచ్చినది ఈ జరుగుడు వలననే. నేటి కీబోర్డులో ఏదియు జరుగదు, కాని పేరు మాత్రము నిలిచినది.

తరువాతి మెట్టు తంతి వార్తల యంత్రములది. 1963లో అమెరికాలో ఆస్కీ అను సంకేత పద్ధతి వెలువడినది. అందు 128 సంఖ్యలకు చోటు కలదు. వానిలో మొదటి 32 సంఖ్యలు అక్షరములు కావు, ఆజ్ఞలు: గంట మ్రోగించుము, పంక్తి మొదటికి పొమ్ము, సందేశము ముగిసినది అను విధమైనవి. ఆజ్ఞలకు వేరు మీటలు ఉంచుటకు చోటు లేదు. అందుచేత కంట్రోల్ అను మీటను పెట్టిరి. దానిని పట్టి అక్షరమును నొక్కినచో ఆ అక్షరపు సంఖ్యనుండి 64 తీసివేయబడును. జి అక్షరపు సంఖ్య 71. అందు 64 పోగా మిగులునది 7. ఏడవ ఆజ్ఞ గంట. కావున కంట్రోల్‌తో జి నొక్కినచో ఆవలి ఊరిలో టెలిప్రింటరు గంట మ్రోగెడిది. ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు జరిగినది. షిఫ్టు మీట అక్షరమును వేరొక అక్షరముగా మార్చినది. కంట్రోల్ మీట అక్షరమును పనిగా మార్చినది. నేటి మన జంట మీటలన్నిటికిని మూలపురుషుడు ఈ కంట్రోలే.

1981 ఆగస్టు 12న ఐబీఎం సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినది. దాని కీబోర్డునకు 83 మీటలు. ఎడమ వైపున ఎఫ్ 1 మొదలు ఎఫ్ 10 వరకు పది మీటలు ఏ అక్షరమునకును చెందక, ఏ ప్రోగ్రాము ఏ పని చెప్పిన ఆ పనికి సిద్ధముగా నుండెడివి. ఆ యంత్రమును నిర్మించినవారిలో ఒకడైన డేవిడ్ బ్రాడ్లీ, కంప్యూటరును తిరిగి మొదలుపెట్టుటకు మూడు మీటల కలయికను ఏర్పరచెను. మొదట ఎంచిన కలయికను ఎడమచేతితోనే పొరపాటున నొక్కు ప్రమాదము కలదని తెలిసినందున, దానిని మార్చి కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూటిని గ్రహించిరి. ఇవి రెండు చేతులు ఉద్దేశపూర్వకముగా కలిసిననే గాని పడవు. జంట మీటకు ఇట్లు మరియొక గుణము తోడైనది: చోటు పొదుపుతోబాటు జాగ్రత్తయు.

ఇంతవరకు చెప్పినవి బల్లపై స్థిరముగా నుండు యంత్రములు. కంప్యూటరు ఇల్లు విడిచి ప్రయాణము కట్టినప్పటినుండి కథ మలుపు తిరిగినది. 1981లోనే వచ్చిన ఆజ్‌బోర్న్ 1 అను యంత్రము సుమారు 11 కిలోల బరువు. తెర 5 అంగుళములు మాత్రమే. ఆ చిన్న తెర చాలనివారు బయటి పెద్ద తెరను తగిలించుకొనెడివారు. 1982లో బిల్ మోగ్రిడ్జ్ రూపకల్పన చేసిన గ్రిడ్ కంపాస్ పుస్తకమువలె మడచుటకు వీలైనది. నేటి ల్యాప్‌టాప్ ఆకృతి దానిదే. కాని అందు బ్యాటరీ లేదు. గోడలోని కరెంటే దిక్కు. 1983లో వచ్చిన టీఆర్ఎస్-80 మోడల్ 100 దీనికి ఎదురు దారి పట్టినది. దాని తెరపై పట్టునవి 8 పంక్తులే. కాని చేతిదీపములో వేయునట్టి నాలుగు చిన్న సెల్లులతో సుమారు 20 గంటలు పనిచేసెడిది. పది నిమిషములు ఎవరును ముట్టకున్నచో తనంత తాను ఆరిపోయెడిది. పత్రికా విలేఖరులు దానిని మిక్కిలి ప్రేమించిరి. ల్యాప్‌టాప్ పుట్టుకలోనే రెండు లేములు ఉన్నవని దీనివలన స్పష్టమగుచున్నది: తెర చాలదు, కరెంటు చాలదు. బయటి తెరకును, విద్యుత్తు పొదుపునకును సంబంధించిన మీటలు ఈ రెండు లేముల సంతానము.

చిన్న యంత్రమున మీటలకు కూడ చోటు తక్కువ. అందుచేత తయారీదారులు ఎఫ్ఎన్ అను మరియొక మీటను క్రింది వరుసలో చేర్చి, పై వరుసలోని ఎఫ్ మీటలకు రెండవ బాధ్యత అప్పగించిరి. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన వీజీఏ అను పదునైదు సూదుల అమరిక వలన ఏ ల్యాప్‌టాప్‌నైనను ఏ ప్రొజెక్టరుకైనను తగిలించు వీలు కలిగినది. తీగ అందరిదియు ఒకటే యైనది. మీట మాత్రము ఎవరిది వారిదే. బయటి తెరకు బొమ్మ పంపుటకు ఐబీఎం థింక్‌ప్యాడులో ఎఫ్ఎన్‌తో ఎఫ్ 7 నొక్కవలెను. తోషిబాలో ఎఫ్ 5. హెచ్‌పీ యంత్రములు పెక్కింటిలో ఎఫ్ 4. డెల్ యంత్రములలో చాలకాలము ఎఫ్ 8. ఫలితమేమి? సభ నిండినది, దీపములు ఆర్పిరి, ఉపన్యాసకుడు ఇతరుల యంత్రము ముందు నిలిచి మీటలను ఒకదాని వెంట ఒకటి వెదకుచుండెను. గోడమీది తెర నీలముగానే నిలిచినది. ఈ దృశ్యమును ఎరుగని కళాశాల గాని కార్యాలయము గాని లేదు. ఉపన్యాసకునికి విద్య లేక కాదు. మీటకు ఒడంబడిక లేక.

కరెంటు విషయమునను ఇట్టి చిందరవందరయే ఉండెడిది. యంత్రము ఎప్పుడు తెర ఆర్పవలెనో, ఎప్పుడు నిద్రించవలెనో నిర్ణయించునది ఆయా తయారీదారు లోపల పొదిగిన చిన్న ప్రోగ్రాము. పైని నడుచు పని దానికి తెలియదు. 1992లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ఏపీఎం అను ఉమ్మడి పద్ధతిని ప్రకటించినవి. ఆ సంవత్సరమే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఎనర్జీ స్టార్ ముద్రను నెలకొల్పినది. ఆ ముద్ర తొలుత పడినది కంప్యూటర్లపైనను వాని తెరలపైననే. 1993లో వీసా అను తెరల ప్రమాణ సంఘము తెరను దూరమునుండి నిద్రపుచ్చు విధానమును ఏర్పరచినది. దీనికి కొత్త తీగ అక్కరలేకపోయినది. బొమ్మను నిలకడగా నుంచుటకు కంప్యూటరు పంపు రెండు తాళసంకేతములను నిలిపివేసినచో తెర తానే ఆరును. సంకేతములు మరల రాగానే మేలుకొనును. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అను ప్రమాణమును వెలువరించినవి. దానితో నిద్ర నిర్ణయము యంత్రపు లోపొరనుండి వాడుకరి చేతికి అందు ప్రధాన ప్రోగ్రామునకు వచ్చినది.

ఈ ప్రమాణము చెప్పు నిద్రలలో రెండు మనకు ముఖ్యము. మొదటిదగు స్లీపు స్థితిలో తలపు భాగమునకు మాత్రము కొంచెము కరెంటు అందుచుండును, తక్కినవన్నియు ఆరును, మీట నొక్కగానే క్షణములలో పని మొదలగును. రెండవదగు హైబర్నేట్ కుంభకర్ణ నిద్ర వంటిది. చేయుచున్న పని యావత్తును డిస్కుపై వ్రాసి యంత్రము పూర్తిగా ఆరును. లేపుటకు కొంత ఆలస్యమగును గాని బ్యాటరీ తరుగుట నామమాత్రము. 2012 తరువాత మూడవ నిద్ర యొకటి ప్రబలినది. మూత వేసినను యంత్రము ఇంటర్నెట్టుతో సంబంధము విడువక కోడికునుకు తీయుచుండును. అట్టి యంత్రమును రాత్రి సంచిలో పెట్టి ఉదయము తీసినచో బ్యాటరీ తగ్గియుండుట కద్దు. మరునాడు కరెంటు దొరకని చోటికి పోవువారు కునుకును గాక దీర్ఘనిద్రను ఎన్నుకొనుట వివేకము.

మీటలకు ఒడంబడిక కుదిరిన తీరు ఇక చెప్పవలెను. 1994లో మైక్రోసాఫ్ట్ సంస్థ తన కొత్త కీబోర్డుపై విండోస్ గుర్తు గల మీటను ఉంచినది. క్రమముగా ఇతర తయారీదారులును దానిని అనుసరించిరి. ఎఫ్ఎన్ మీట తయారీదారుది. విండోస్ మీట ప్రధాన ప్రోగ్రాముది. తేడా చిన్నదిగా కనబడును గాని ఫలితము పెద్దది. 2009 అక్టోబరులో వచ్చిన విండోస్ 7లో విండోస్ మీటను పట్టి పి నొక్కినచో నాలుగు ఎంపికలు తెరపై కనబడునట్లు చేసిరి: బొమ్మ తన తెరపైననే ఉండుట, రెంటిపైనను అదే బొమ్మ, రెండు తెరలు కలిసి ఒకే విశాలమైన బల్లవలె అగుట, బయటి తెరపైన మాత్రమే. పట్టు విడువక పి మీటనే మరల మరల నొక్కినచో ఒకటి తరువాత ఒకటి వచ్చును. ఇప్పుడు యంత్రము ఎవరిదైనను, అందు విండోస్ నడచినచో చాలును. వీజీఏ తీగ పోయి హెచ్‌డీఎంఐ వచ్చినది. దాని వెంట డిస్‌ప్లే పోర్టు, యూఎస్‌బీ-సి వచ్చినవి. తీగలు మారినవి; ఈ జంట మారలేదు. అంతియే కాదు, అనేక కొత్త ల్యాప్‌టాపులలో పై వరుసలోని తెర గుర్తు మీటను నొక్కినచో అదియు ఈ నాలుగు ఎంపికలనే చూపును. ఎవరి దారి వారిదైన మీట ఉమ్మడి దారిలో కలిసినదన్నమాట.

ఈ జంటలలో పొదుపు కూడ దాగియున్నది. తేలికైన పని చేయునపుడు ల్యాప్‌టాప్ కరెంటులో పెద్ద భాగము తెర వెలుగునకే పోవును. పెద్ద తెర తగిలించినపుడు నాలుగవ ఎంపికను గ్రహించినచో సొంత తెర ఆరి బ్యాటరీ మిగులును. వెలుగు తగ్గించు మీటను రెండుమూడు మార్లు నొక్కుటయు ఆ ఫలమునే ఇచ్చును. విండోస్ 10, 11 గల యంత్రములలో విండోస్‌తో ఎక్స్ నొక్కి, పిమ్మట యు, ఎస్ అను మీటలను వరుసగా నొక్కినచో యంత్రము నిద్రించును. విండోస్‌తో ఎల్ నొక్కుట దీనికి సమానము కాదు. అది తలుపునకు గడియ వేయుటయే గాని దీపము ఆర్పుట కాదు.

మన లిపికిని ఈ చరిత్రలో పాలు కలదు. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులకు ఇన్‌స్క్రిప్ట్ అను ఉమ్మడి కీబోర్డును ప్రమాణముగా నిర్ణయించినది. అందు ‘క’ ఉన్న మీటను షిఫ్టుతో నొక్కినచో ‘ఖ’ వచ్చును. ‘గ’ మీటపై ‘ఘ’, ‘త’ మీటపై ‘థ’, ‘ప’ మీటపై ‘ఫ’. ఇంగ్లీషులో పెద్ద అక్షరమునకై పుట్టిన షిఫ్టు మన చేతిలో అల్పప్రాణమును మహాప్రాణముగా మార్చు మీటయైనది. తెలుగున ‘క’ గల చోటనే హిందీ, బెంగాలీ, కన్నడములలోను ‘క’ ఉండును. ఒక లిపిలో నేర్చిన వ్రేళ్లు మరియొక లిపిలోను తడబడవు. ఒడంబడిక విలువ ఇంతకంటె స్పష్టముగా వేరెక్కడను కనబడదు.

తెలివైన మీటలు లోకమున అనేకము పుట్టినవి. నిలిచినవి మాత్రము పదుగురు ఒకే తీరున వాడుటకు అంగీకరించినవి. గ్రామపు పాఠశాలలో ఎరువు తెచ్చిన ప్రొజెక్టరు ముందు, కరెంటు ఎప్పుడు పోవునో తెలియని వేళ, ఉపాధ్యాయునికి పనికివచ్చునది యంత్రపు వెల కాదు. ఏ యంత్రము ఎదురైనను చెల్లు రెండు మూడు జంటలే. వానిని నేర్చుటకు పట్టునది పది నిమిషములు. ఆ పది నిమిషములు అతనికిని, అతని యెదుట కూర్చున్న పిల్లలకును అనేక గంటలను మిగుల్చును.