పలెర్మో సున్నపు మేస్త్రీ



బైబిలులో సున్నానికి అంత మంచి పేరు లేదు. యేసు ప్రభువు వేషధారులను సున్నము కొట్టిన సమాధులతో పోల్చారు. యెహెజ్కేలు 13వ అధ్యాయములో అబద్ధ ప్రవక్తలు మంటిగోడకు గచ్చుపూత పూసేవాళ్లు. అయితే బ్రతుకంతా సున్నంతోనే పనిచేసి ప్రార్థనా మందిరాల గోడలు నింపిన మేస్త్రీ ఒకడున్నాడు. అతని పేరు జాకొమో సెర్పొత్తా.

ఇటలీ దక్షిణాన సిసిలీ ద్వీపం, అందులో పలెర్మో పట్టణం. 1656లో అక్కడే పుట్టాడు, 1732లో అక్కడే చనిపోయాడు. తండ్రి గాస్పరె కూడా శిల్పే. కాని ఆయనకు గాలీ ఓడల శిక్ష పడింది. గాలీ అంటే తెడ్లతో నడిచే యుద్ధ ఓడ. ఖైదీల చేత తెడ్లు వేయించేవారు. 1670లో తండ్రి చనిపోయేనాటికి జాకొమోకు 14 ఏళ్లు. ఖైదీ కొడుకు అన్న మాట పిల్లవాణ్ణి ఎంత దూరం వెంటాడుతుందో పల్లెల్లో ఉన్న మనకు వేరే చెప్పాలా?

పాలరాయి ఖరీదు, సున్నం చవక. అతను ఆ చవకదాన్నే పట్టుకున్నాడు. ముందు కర్రలు, ఇనుప తీగతో బొమ్మకు ఎముకల గూడు కట్టేవాడు. దానికి గుడ్డపేలికలు చుట్టి తాడుతో బిగించి, సున్నం, ఇసుక కలిపి మెత్తేవాడు. చివర సున్నంలో పాలరాతి పొడి కలిపిన సన్నటి పూత. దాన్ని నునుపు చేస్తే పాలరాయిలా మెరుస్తుంది. రాయి చెక్కేవాడు తీసేసుకుంటూ పోతాడు, ఇతను చేర్చుకుంటూ పోతాడు. సున్నం గట్టిపడేలోపు చెయ్యి ఆడాలి.

మన వేమూరు వైపు పెద్దవాళ్లకు ఇది మరీ కొత్త కాదు. ఎద్దులు తిప్పే గానుగలో నూరిన సున్నం, అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం, కొన్నిచోట్ల కోడిగుడ్డు తెల్లసొన. గోపురాల మీది బొమ్మలూ, పాత మేడల గచ్చూ ఆ సున్నమే. సిమెంటు వచ్చి ఆ చేతిపనిని మింగేసింది.

సెర్పొత్తా పనిలో పేరుపడినది సాంతా చీతా ప్రార్థనా మందిరం. 1680లలో మొదలుపెట్టి, మధ్యలో ఆపుతూ, 1718 దాకా చేశాడు. వెనుక గోడంతా సున్నంతో చేసిన పెద్ద తెర, దాన్ని పట్టుకొని చిన్నపిల్లలు. మధ్యలో 1571 నాటి లెపాంతో సముద్రయుద్ధం. కింద ఆయుధాల దగ్గర ఇద్దరు పిల్లలు కూర్చొని ఉంటారు. ఒకడు గెలిచిన క్రైస్తవుల వైపు, ఇంకొకడు ఓడిన తురుష్కుల వైపు అంటారు. కాని ఇద్దరి ముఖాల్లోనూ గెలుపు కనబడదు. వీధిలో తిరిగే బీదపిల్లల్లా దిగులుగా ఉంటారు.

ఆ మందిరం జపమాల భక్తికి కట్టినది. ఆ విజయాన్ని మరియమ్మకు ఆపాదించారు. ప్రొటెస్టెంటు కాపరిగా నేను దానితో ఏకీభవించను. యుద్ధాన్ని మందిరపు గోడకెక్కించడం కూడా నాకు మింగుడుపడదు. అయినా లెపాంతో గాలీ ఓడల యుద్ధమని మరచిపోవద్దు. రెండు పక్షాల ఓడల్లోనూ తెడ్ల దగ్గర ఖైదీలు, బానిసలు ఉన్నారు. గాలీ ఖైదీ కొడుకు ఆ ఓడలను వేళ్లతో ఒక్కొక్కటే మలుస్తున్నప్పుడు తండ్రి తలపుకు రాకుండా ఉంటాడా? ఊరేగింపుగా చేయమన్న విజయం కింద ఆ ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టినవాడు ఏదో ఎరిగినవాడే అని నా మనస్సు చెబుతుంది.

నిర్గమకాండము 31లో దేవుడు బెసలేలును పేరు పెట్టి పిలిచాడు. మన గుడులు కట్టిన తాపీ మేస్త్రీల పేర్లు ఎన్ని శిలాఫలకాల మీద ఉన్నాయి? శంకుస్థాపన చేసిన అయ్యగారి పేరుంటుంది, చందా ఇచ్చినవారి పేర్లుంటాయి. సెర్పొత్తా మాత్రం తన గుర్తు తానే పెట్టుకున్నాడు. సిసిలీ భాషలో అతని ఇంటిపేరుకు దగ్గరగా వినిపించే మాటకు బల్లి అని అర్థం. సామెతలు 30లో రాజుల ఇండ్లలో ఉండే బల్లి మీకు గుర్తుండే ఉంటుంది. పలెర్మోలోనే సాన్ దొమేనికో దగ్గరి ప్రార్థనా మందిరంలో, ధైర్యమనే గుణాన్ని స్త్రీరూపంలో చేశాడు. ఆమె ప్రక్కన ఒక స్తంభం. ఆ స్తంభం మీద చిన్న సున్నపు బల్లి ఒకటి ప్రాకుతూ ఉంటుంది.