సైన్యాల వెంట మన పెరిక ఎద్దులు



ఆదోని కోట పేరెత్తగానే మనకు విజయనగర రాజులు, సిద్ది మసూద్ ఖాన్, 1786లో కోటను ముట్టడించి పట్టుకున్న టిప్పు సుల్తాన్ గుర్తొస్తారు. మాధవరం నుంచి ఎమ్మిగనూరు దాకా మన నేలంతా సైన్యాలు నడిచిన నేలే. అన్ని వేలమంది సైనికులు, అన్ని గుర్రాలు నెలల తరబడి తిరుగుతుంటే తిండిగింజలు ఎవరు మోశారు? దక్కన్‌లో ఈ పని ఎక్కువగా చేసింది బంజారాలు. మన సీమలో సుగాలీలని, లంబాడీలని పిలిచే మన పూర్వీకులే వాళ్లు.

వాళ్లు సిపాయిలు కారు, వ్యాపారులు. నాయక్ ముందుండి నడిపితే తండా మొత్తం, ఆడవాళ్లు, పిల్లలతో సహా, ఎద్దుల వెంట కదిలేది. ఎద్దు వీపున గోనెలు వేసి ధాన్యం, ఉప్పు మోసేవారు. ఒక్కో బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులు ఉండేవని 17వ శతాబ్దంలో మన దేశంలో తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. బండ్లు పోలేని దారిలోనూ ఆ ఎద్దులు పోయేవి. దారిలో దొరికిన గడ్డి మేసేవి కాబట్టి మేత ఖర్చు తక్కువ.

పాలకులకు వీళ్ల అవసరం ఎంత ఉండేదో చెప్పే కథ ఒకటి మనవాళ్లలో ఉంది. షాజహాన్ కాలంలో వజీరు ఆసఫ్ ఖాన్ బిజాపూర్ మీదికి దండెత్తి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే నాయక్‌లు సైన్యానికి ధాన్యం మోశారట. అందుకు ఆయన రాగిరేకు మీద హక్కులు రాయించి ఇచ్చాడంటారు. నీళ్లకూ మేతకూ ఎవరూ అడ్డు చెప్పకూడదు, చివరికి హత్య చేసినా కొంతవరకు క్షమాపణ ఉంటుందని అందులో ఉందని చెబుతారు. ఈ కథను గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఒక్కటి గమనించండి. ఆ మేత, ఆ నీళ్లు పాలకుడివి కావు, దారిలోని రైతులవి. పాలకుడు తన చేతి డబ్బు ఖర్చు కాకుండా వేరేవాళ్ల సొత్తు మీద హక్కు ఇచ్చాడు.

ఇంగ్లీషువాళ్లు ఈ పాఠాన్ని కష్టపడి నేర్చుకున్నారు. సముద్రం దాటి వచ్చిన కంపెనీ సైన్యానికి ఇక్కడ సొంత సరఫరా లేదు. 1791 మే నెలలో కార్న్‌వాలిస్ శ్రీరంగపట్నం దగ్గరి దాకా వెళ్లి, యుద్ధంలో గెలిచి కూడా వెనక్కి తిరగాల్సి వచ్చింది. గింజలు అయిపోయాయి, ఎద్దులు చచ్చిపోయాయి, పెద్ద ఫిరంగులను తన చేతులతోనే పాడుచేసి వదిలేశాడు. ఆ తర్వాత కంపెనీ బంజారాలను దగ్గరికి తీసింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ ఆ పని చూశాడు. 1792 ఫిబ్రవరిలో సైన్యం మళ్లీ శ్రీరంగపట్నం చేరినప్పుడు తిండికి ఆ ఇబ్బంది రాలేదు. 1803లో మరాఠాల మీద యుద్ధం చేసిన ఆర్థర్ వెల్లెస్లీ ఉత్తరాల్లోనూ బంజారాల మాట పదేపదే వస్తుంది.

వాళ్లకు దొరికిన ఆసరా ఇది: ముందుగా బయానా, దారిలో సుంకం మాఫీ, కాపలా, దండు బజారులో అమ్ముకునే వీలు. అది యుద్ధం ఉన్నన్ని రోజులే. దారిలో ఎద్దులు చచ్చిపోయినా, మనిషి పోయినా ఆ కుటుంబాన్ని ఆదుకోవాలనే చట్టం లేదు.

1800లో మన ప్రాంతం నిజాం చేతి నుంచి కంపెనీకి వచ్చింది. మంత్రాలయం కథల్లో మీరు విన్న మన్రో దొర అప్పుడే ఇక్కడికి కలెక్టరుగా వచ్చాడు. 1818 తర్వాత దక్కన్‌లో పెద్ద యుద్ధాలు ఆగిపోయాయి. 1871లో ఆదోని మీదుగా వెళ్లే మద్రాసు రైలు మార్గం రాయచూరు చేరి, బొంబాయి మార్గంతో కలిసింది. ఎద్దులు వారాల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో చేర్చింది. సరిగ్గా అదే 1871లో ఉత్తర భారతంలో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజ్యానికీ పాకింది. ఉప్పు, ధాన్యం మోసి బతికిన ఎరుకలవాళ్లు, కొన్నిచోట్ల మన లంబాడీలు ఆ జాబితాల్లోకి ఎక్కారు. నిన్నటిదాకా దండుకు తిండి పెట్టిన ఊరూరు తిరిగే బతుకే ఇప్పుడు అనుమానానికి కారణమైంది. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయ్యే నాటికి తరాలు గడిచిపోయాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఆ పని ఇంకా ఉంది. గల్ఫ్‌లో, ఇరాక్‌లో, అఫ్గానిస్తాన్‌లో విదేశీ సైనిక శిబిరాల్లో వంట, లాండ్రీ, డ్రైవింగ్ పనులకు మన దేశం నుంచి ఎందరో వెళ్లారు. 2004లో ముగ్గురు భారతీయ లారీ డ్రైవర్లను ఇరాక్‌లో బందీలుగా పట్టుకున్నారు. అయితే ఇప్పుడు రాగిరేకు బదులు చట్టాలున్నాయి. అమెరికా సైనిక స్థావరాల కాంట్రాక్టు పనుల్లో గాయపడినా, చనిపోయినా పరిహారం ఇవ్వాలని 1941 నాటి ఆ దేశ చట్టం చెబుతుంది. అది విదేశీ కార్మికులకూ వర్తిస్తుంది. మన దగ్గర 1983 వలస చట్టం ఉంది. దాని కింద అనుమతి తీసుకుని వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన పది లక్షల రూపాయల ప్రమాద బీమా ఇస్తుంది. విజిట్ వీసా మీద దొంగదారిన వెళ్తే ఈ ఆసరా చేజారుతుంది.

కాబట్టి బయలుదేరే ముందు ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఒప్పందం కాపీ, బీమా కాగితం ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఒకటి ఉంచండి. మన పూర్వీకులు పాలకుల మాట నమ్మి నడిచారు, అవసరం తీరాక ఆ మాట నిలబడలేదు. మనం కాగితం చదివి, అర్థం చేసుకుని, ఆ తర్వాతే అడుగు వేద్దాం.